గాలి పీల్చే ఇంజిన్లు, లోడు లేని లారీలు

అంతరిక్షానికి చౌకగా చేరాలంటే రాకెట్‌ను వదిలేసి విమానాన్ని పట్టుకోవాలన్నది బాగా పాతుకుపోయిన అభిప్రాయం. ఆ వాహనం రన్‌వే మీద పరుగెత్తి లేవాలి, దారిలో గాలి నుంచే ఆక్సిజన్ తీసుకోవాలి, ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలి మళ్లీ రన్‌వే మీదే దిగాలి, మర్నాడు ఇంకో ప్రయాణానికి సిద్ధం కావాలి. ఇన్నేళ్లయినా ఇది ఎందుకు జరగలేదంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: సైన్సు తేలిపోయింది, నిధులే లేవు. సైన్సు తేలిపోయిందన్నది సగమే నిజం. నిధులు లేవన్నది ఆ సగం కూడా కాదు. అసలు పొరపాటు వీటికన్నా ముందే ఉంది. రాకెట్ ప్రయాణంలో ఖర్చు ఎక్కడ పుడుతుందో చూడకుండానే దాన్ని తగ్గించే మార్గం ఖాయం చేసేశారు.

ఈ నమ్మకానికి తెలుగునాట పునాది గట్టిదే. హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్‌కు అధిపతిగా పనిచేసిన ఎయిర్ కమోడోర్ రాఘవన్ గోపాలస్వామి 1998లో ‘అవతార్’ అనే అంతరిక్ష విమానం నమూనాను బయటపెట్టారు. 2001లో అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీలో జరిగిన సదస్సులో దాన్ని వివరించారు. దాని బరువు 25 టన్నులు, అందులో 60 శాతం ద్రవ హైడ్రోజన్. అది మామూలు విమానంలా లేచి, పైన ఎగురుతూనే గాలిని లోపలికి లాగి, ఆక్సిజన్‌ను వేరుచేసి, ద్రవంగా మార్చి దాచుకుంటుంది. ఆ ఆక్సిజన్‌తో చివర్లో రాకెట్‌గా మారి, టన్ను వరకు బరువును కక్ష్యకు చేరుస్తుంది. ఒక్కో వాహనం వందసార్లు పనిచేయాలన్నది లక్ష్యం. ఆలోచన సాహసోపేతం, చెప్పిన మనిషి రంగం తెలిసినవాడు. అందుకే అది పాతికేళ్లుగా పత్రికల్లోనూ ఇంజినీరింగ్ కాలేజీల సెమినార్లలోనూ బతికి ఉంది.

2016లో శ్రీహరికోట నుంచి జరిగిన రెండు ప్రయోగాలు దీనికి కొత్త ఊపునిచ్చాయి. మే 23న ఇస్రో ఆర్‌ఎల్‌వీ-టీడీ అనే రెక్కల వాహనాన్ని ఒక ఘన ఇంధన రాకెట్ మీద ఎక్కించి పంపింది. అది 65 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, ధ్వనికి ఐదు రెట్ల వేగంతో వాతావరణంలోకి తిరిగివచ్చి, శ్రీహరికోటకు 450 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో దిగింది. ఆగస్టు 28న స్క్రామ్‌జెట్ ఇంజిన్ల పరీక్ష జరిగింది. సౌండింగ్ రాకెట్ పక్కన కట్టిన రెండు ఇంజిన్లు గాలిలోని ఆక్సిజన్‌తో ఐదు సెకన్లు మండాయి. ప్రయోగ ఖర్చు పదో వంతుకు పడిపోబోతోందని పత్రికలు రాశాయి. జనం మనసులో ఈ రెండూ కలిసి ఒకే విమానమయ్యాయి. నిజానికి మొదటిదానికి రెక్కలున్నాయి, సొంత ఇంజిన్ లేదు. రెండోదానికి ఇంజిన్ ఉంది, విమానం లేదు. రెండూ మంచి ప్రయోగాలే. వాటి నుంచి ‘పదో వంతు’ ఎలా వచ్చిందో మాత్రం లెక్క వేసి చూపినవారు లేరు.

ఆ లెక్కను ఆక్సిజన్‌తోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే వాదన మొత్తం దాని మీదే నిలబడింది. రాకెట్ బరువులో పదింట ఎనిమిది తొమ్మిది పాళ్లు ఇంధనం, ఆక్సిజన్‌లే. అందులోనూ ఆక్సిజన్‌దే పెద్ద వాటా. హైడ్రోజన్ ఇంజిన్‌లో కిలో హైడ్రోజన్‌కు సుమారు ఆరు కిలోల ఆక్సిజన్ కావాలి. చుట్టూ గాలిలో ఉన్నదాన్ని నేల మీద నుంచి మోసుకెళ్లడమేమిటన్న ప్రశ్న వినగానే సబబుగానే ఉంటుంది. అయితే ఆ ఆక్సిజన్ ఖరీదెంత? 2020 సెప్టెంబరులో జాతీయ ఔషధ ధరల సంస్థ వైద్యానికి వాడే ద్రవ ఆక్సిజన్‌కు ఘనపు మీటరుకు 15 రూపాయల 22 పైసల గరిష్ఠ ధర పెట్టింది. కిలోకు చూస్తే పన్నెండు రూపాయల లోపే. స్పేస్‌ఎక్స్ కంపెనీ ఫాల్కన్ 9 రాకెట్‌లో రెండు దశలకూ కలిపి సుమారు 360 టన్నుల ద్రవ ఆక్సిజన్ పడుతుంది. ఇదే ధరకు కొంటే 43 లక్షల రూపాయలు. ఆ రాకెట్ ప్రయోగానికి ప్రకటించిన ధర 7 కోట్ల డాలర్ల దరిదాపుల్లో, అంటే సుమారు 600 కోట్ల రూపాయలు. వెయ్యి రూపాయల ఖర్చులో ఆక్సిజన్ వాటా ఒక్క రూపాయి కూడా కాదు. ఆ రూపాయిని మిగల్చడానికి కొత్త జాతి ఇంజిన్‌ను కనిపెట్టాలంటున్నారు.

సమస్య ధర కాదు, బరువు అని దీనికి బదులిస్తారు. బరువెక్కువైతే పెద్ద ట్యాంకు, పెద్ద ఇంజిన్ కావాలన్నది నిజమే. కానీ ద్రవ ఆక్సిజన్ నీటికన్నా సాంద్రమైనది, తక్కువ చోటులో ఇమిడిపోతుంది. చోటు మింగేది హైడ్రోజన్. దాని సాంద్రత నీటిలో పద్నాలుగో వంతు. అవతార్ మోయాల్సిన 15 టన్నుల హైడ్రోజన్‌కు 210 ఘనపు మీటర్ల ట్యాంకు కావాలి. పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు ఇరవై ఒకటి వరసగా నిలబెడితే అంత. ఆ ట్యాంకూ, దాన్ని చల్లగా ఉంచే కవచమూ, రెక్కలూ, చక్రాలూ, మూడు రకాల ఇంజిన్లూ, గాలిని ద్రవంగా మార్చే యంత్రాంగమూ, మోయాల్సిన ఉపగ్రహమూ అన్నీ మిగిలిన 10 టన్నుల్లో సర్దుకోవాలి. చిన్నగా ఇమిడే సరుకును దించేసి, చోటంతా ఆక్రమించే సరుకును మాత్రం ఉంచుకున్నట్టయింది.

గాలి ఉచితమన్న మాట భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతు దగ్గర చెల్లదు. చెరువు మీద గాలికి లోటు లేదు. అయినా తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు తేలిపోతాయి. అందుకే రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతాయి. ఏరియేటర్ ధర, మోటారు రిపేరు, కరెంటు బిల్లు, కరెంటు పోతే నడపడానికి జనరేటర్, దానికి డీజిల్: ఆక్సిజన్ పేరుతో రైతు కట్టేదంతా ఇదే, గాలికి కట్టేది సున్నా. ఉండి, కాళ్ల, ఆకివీడు మండలాల్లో యూనిట్ కరెంటు ధర ఎన్నికల హామీ అయ్యేంత పెద్ద విషయం. అంతరిక్ష విమానానిదీ ఇదే పరిస్థితి, ఇంకా కఠినంగా. ధ్వనికి ఐదు రెట్ల వేగంతో లోపలికి దూసుకొచ్చే గాలి వెయ్యి డిగ్రీలకు వేడెక్కుతుంది. దాన్ని నెమ్మదింపజేయాలి, చల్లబరచాలి, లేదా స్క్రామ్‌జెట్‌లో మాదిరిగా ఆ వేగంలోనే సెకనులో వెయ్యో వంతు వ్యవధిలో ఇంధనం కలిపి మండించాలి. పైగా గాలిని మింగాలంటే గాలి ఉన్న ఎత్తులోనే ఎక్కువసేపు ఉండాలి. రాకెట్ మాత్రం రెండు నిమిషాల్లో దాన్ని దాటేసి, నిరోధం లేని చోట వేగం పెంచుకుంటుంది. గాలి కోసం గాలిలో ఉన్నవాడు గాలితోనే పోట్లాడుతూ ఉండాలి.

ఈ తంటాలన్నీ పడ్డాక మిగిలేదెంత? కక్ష్యలో నిలవాలంటే సెకనుకు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. ఎత్తు మీద ధ్వనికి ఐదు రెట్లంటే సెకనుకు సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనక, అక్కడికి చేరేసరికి కూడబెట్టిన చలన శక్తి కావలసినదాంట్లో నాలుగు శాతం లోపే. స్క్రామ్‌జెట్‌ను పది రెట్ల దాకా లాగగలిగినా పదిహేను శాతం. దట్టమైన గాలినీ గురుత్వాన్నీ దాటిన శ్రమను కలుపుకుంటే గాలి పీల్చే ఇంజిన్ వాటా ఇంతకన్నా కొంచెం మెరుగ్గా కనిపిస్తుంది. అది ఒప్పుకోవాల్సిందే. కానీ అది పనిచేసే ఆ మేర సరిగ్గా మామూలు రాకెట్ మొదటి దశ పనిచేసే మేరే. ఫాల్కన్ మొదటి దశ రెండున్నర నిమిషాల్లో అంత వేగం అందించి విడిపోతుంది, కాళ్లు చాపి తిరిగి నిలబడుతుంది. దాని ఇంజిన్‌లో మండేది శుద్ధిచేసిన కిరోసిన్, పన్నెండు రూపాయల ఆక్సిజన్. గాలి పీల్చే ఇంజిన్ ఇంకా ఎవరూ ఛేదించని సమస్యకు పరిష్కారమైతే ఎంత ఖర్చయినా భరించవచ్చు. అది పోటీపడుతున్నది మాత్రం 2015 డిసెంబరు 21 రాత్రి ఫ్లోరిడాలో తేలిపోయిన సమస్యతో.

రెక్కల సంగతికి ఇంత విచారణ అక్కర్లేదు. అమెరికా స్పేస్ షటిల్‌కు రెక్కలున్నాయి, రన్‌వే మీద దిగింది, మళ్లీ మళ్లీ ఎగిరింది. 1972లో ఒక్కో ప్రయాణానికి కోటి డాలర్లకు కాస్త పైన అవుతుందని, దాదాపు వారానికొకటి ఎగురుతుందని చెప్పారు. 1985లో తొమ్మిదిసార్లు ఎగిరింది, అదే రికార్డు. 2011లో ఆగిపోయే నాటికి 135 ప్రయాణాలు, మొత్తం ఖర్చును పంచితే ఒక్కోదానికి సుమారు 150 కోట్ల డాలర్లు. వేల సంఖ్యలో వేడికవచపు పలకలను ఒక్కొక్కటిగా చూడాలి, ప్రధాన ఇంజిన్లను విప్పి పరీక్షించాలి, అందుకు వేలమంది ఉద్యోగులను ఏడాదంతా ఉంచుకోవాలి. షటిల్ తిరిగి వచ్చేది, కానీ తిరిగి బయల్దేరడానికి నెలలు పట్టేది. ఖర్చంతా ఆ నెలల్లోనే ఉంది.

ఈ విషయం భీమవరంలో చేపల లారీ నడిపేవారికి ఎవరూ బోధించనక్కర్లేదు. చెరువు గట్టు నుంచి ట్రేలలో ఐసు వేసుకుని బెంగాల్, అస్సాం దాకా పోయే లారీ మళ్లీ పనికొచ్చే వాహనమే, ప్రతి ప్రయాణానికీ దాన్ని తుక్కుకింద అమ్మడం లేదు. అయినా రిటర్న్ లోడు దొరక్కపోతే కిరాయి గిట్టదు. రొయ్యల ధర పడిపోయి ఆక్వా హాలిడే మాట వినిపించే రోజుల్లో లారీ షెడ్డులోనే ఉంటుంది. ఫైనాన్సు వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది, డ్రైవరు జీతం ఆగదు, టైర్లు నిలబడే పాడవుతాయి. మళ్లీ వాడగలగడం సగం లెక్క. వాడేటంత పని ఉండటం మిగిలిన సగం. ‘మళ్లీ ఎగరగలదు’ అన్న మాట వినగానే ‘ఏడాదికి ఎన్నిసార్లు, ఎవరి సరుకుతో’ అని అడగకపోవడమే అంతరిక్ష విమానం వాదనలో పెద్ద లోపం.

శ్రీహరికోట లెక్క ఇక్కడే ఇబ్బందిగా మారుతుంది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3తో మొదలైన ప్రయోగాలు 2025 జనవరి 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15తో వందకు చేరాయి. వందో ప్రయోగం పండగే. కానీ అందుకు పట్టిన కాలం నలభై ఐదేళ్లకు పైన. ఫాల్కన్ రాకెట్లు ఒక్క 2024లోనే 130కి పైగా ఎగిరాయి. వాటిలో ఎక్కువ భాగం మోసింది సొంత స్టార్‌లింక్ ఉపగ్రహాలనే. అంటే లోడు దొరక్కపోతే వాళ్లే పుట్టించుకున్నారు. ఒకే మొదటి దశను ముప్పైసార్లకు పైగా వాడగలిగిన లాభం ఆ లోడు వల్ల వచ్చింది. దశను తిరిగి తెచ్చుకోవడం లాభించాలంటే ఒక్కోటి సగటున పదిసార్లయినా ఎగరాలని దాని పోటీ సంస్థ యునైటెడ్ లాంచ్ అలయన్స్ చెప్పేది. రెండు మూడు చాలని స్పేస్‌ఎక్స్ అంటుంది. ఎవరి మాట నిజమైనా, ఏడాదికి ఐదారు ప్రయోగాలు చేసే చోట వందసార్లు ఎగిరే విమానం ఒకటి ఉంటే దాదాపు ఇరవై ఏళ్లకు సరిపోతుంది. ఇక రెండోది కట్టే పనే ఉండదు. కట్టినవాళ్లు ఈలోగా కట్టడం మరిచిపోతారు.

భారత ప్రయోగాలు ఇప్పటికే ప్రపంచంలోకెల్లా చౌక, తొందరేమీ లేదన్న వాదన కూడా దీనితోపాటే వినిపిస్తుంది. మంగళయాన్ కిలోమీటరుకు ఆటో కిరాయికన్నా తక్కువ పడిందన్న మాట 2014 నుంచీ నలుగుతూనే ఉంది. 450 కోట్లతో అంగారకుణ్ని చేరడం గొప్పే. కానీ అది ఒక చిన్న యాత్ర ఖర్చు. కక్ష్యకు కిలో బరువు చేర్చే ఖర్చు వేరు. 2022, 2023లలో వన్‌వెబ్ కంపెనీ ఉపగ్రహాలను రెండు విడతల్లో పంపిన ఇస్రో ఎల్‌వీఎం3 రాకెట్ ప్రయోగాల ఒప్పందం విలువ వెయ్యి కోట్లకు పైన. ఒక్కో విడతలో వెళ్లింది 5.8 టన్నులు. కిలోకు ఎనిమిదిన్నర లక్షలు దాటింది. ఫాల్కన్ 9 ప్రకటిత ధరను అది స్టార్‌లింక్‌లకు మోసే 17 టన్నులతో భాగిస్తే కిలోకు మూడున్నర లక్షలు. జీతాలు తక్కువైనంత మాత్రాన చౌకదనం రాదు.

ఇక నిధులు. అంతరిక్ష విమానాలకు డబ్బు ఇవ్వలేదన్నది చరిత్రలో లేని మాట. 1986లో రీగన్ తన వార్షిక ప్రసంగంలో ప్రకటించిన ఎక్స్-30 విమానం మీద అమెరికా 150 కోట్ల డాలర్లకు పైగా పోసి, ఒక్క విమానం కూడా ఎగరకుండానే 1990ల తొలినాళ్లలో చేతులెత్తేసింది. ఆ తర్వాత ఎక్స్-33 మీద నాసా 90 కోట్ల డాలర్లకు పైగా, లాక్‌హీడ్ మార్టిన్ మరో 35 కోట్లు పెట్టాయి. హైడ్రోజన్ ట్యాంకు పరీక్షలో విఫలమయ్యాక 2001 మార్చిలో దాన్నీ ఆపేశారు. గాలి పీల్చే ఇంజిన్లలో అందరికన్నా ముందుకు వెళ్లింది బ్రిటన్‌లోని రియాక్షన్ ఇంజిన్స్. 1989లో పుట్టిన ఆ సంస్థ సేబర్ ఇంజిన్‌కు బ్రిటిష్ ప్రభుత్వం 2013లో 6 కోట్ల పౌండ్లు ప్రకటించింది. బీఏఈ సిస్టమ్స్, బోయింగ్, రోల్స్‌రాయిస్ వాటాలు తీసుకున్నాయి. 2019లో కొలరాడోలో దాని శీతలీకరణ యంత్రం వెయ్యి డిగ్రీల గాలిని రెప్పపాటులో చల్లబరచి చూపింది. ఆ యంత్రం నిజంగా అద్భుతమే. అయినా 2024 అక్టోబరు 31న సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ముప్పై అయిదేళ్లలో దానికి పరిశోధన డబ్బు వచ్చింది, ప్రశంస వచ్చింది. ఆ ఇంజిన్‌తో ఎగిరే విమానానికి ఇంత సరుకు ఇస్తామని సంతకం చేసినవారు రాలేదు.

దీని పక్కన ఇంకో ఖర్చును పెట్టి చూడాలి. నాసా 2006 నుంచి స్పేస్‌ఎక్స్‌కు అంతరిక్ష కేంద్రానికి సరుకు చేర్చే రవాణా వ్యవస్థను తయారుచేయడానికి 40 కోట్ల డాలర్ల లోపు ఇచ్చింది. దాన్ని కూడా అంచెలు దాటినప్పుడల్లా విడతలుగా ఇచ్చింది. 2008 డిసెంబరులో పన్నెండు ప్రయాణాలకు 160 కోట్ల డాలర్ల ఒప్పందం రాసింది. ఇంజిన్ ఎలా ఉండాలో చెప్పలేదు, రెక్కలు అడగలేదు, మళ్లీ వాడమని కూడా షరతు పెట్టలేదు. సరుకు చేరాలి, అంతే. ఎక్స్-33 మీద పెట్టినదాంట్లో సగం కూడా లేని ఆ సాయంతో, చేతిలో ఉన్న లోడు ధైర్యంతో పుట్టిన రాకెట్ తర్వాత కాళ్ల మీద దిగడం నేర్చుకుంది. నిధి పరిమాణంకన్నా అది ఏ పేరుతో వస్తుందన్నది ఎక్కువ పనిచేసింది.

దీనర్థం గాలి పీల్చే ఇంజిన్ల పరిశోధన ఆపాలని కాదు. హైదరాబాద్‌లోని రక్షణ ప్రయోగశాల డీఆర్‌డీఎల్ రూపొందించిన స్క్రామ్‌జెట్ వాహనం 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరంలోని దీవి నుంచి ఎగిరి ఇరవై సెకన్లకు పైగా మండింది. 2025 ఏప్రిల్‌లో అదే ప్రయోగశాల హైదరాబాద్‌లో నేల మీద స్క్రామ్‌జెట్ దహన గదిని వెయ్యి సెకన్లకు పైగా నడిపింది. ఐదు సెకన్ల నుంచి వెయ్యి సెకన్లకు రావడం చిన్న సంగతి కాదు. కానీ దాన్ని నడిపించినవారే చెప్పినట్టు అది హైపర్‌సోనిక్ క్రూయిజ్ క్షిపణి కోసం. క్షిపణికి ఆ ఇంజిన్ అవసరం, ఎందుకంటే అది గాలిలోనే ఉండాలి, ఒక్కసారే పోవాలి, తిరిగి రానక్కర్లేదు. ఆ పనికి రక్షణ శాఖ పద్దులో డబ్బు అడగడం నిజాయితీ. అదే ఇంజిన్‌ను ‘చౌక అంతరిక్షం’ పేరుతో చూపించి అంతరిక్ష పద్దులో అడిగితే, ఐదేళ్లకో పదేళ్లకో చౌకదనం రాలేదని పరిశోధన మొత్తాన్నీ ఆపేస్తారు. బ్రిటన్‌లో హోటోల్ అనే అంతరిక్ష విమానానికి 1988లో ప్రభుత్వ నిధులు ఆగిపోయాయి. కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర 2023, 2024లలో మూడుసార్లు హెలికాప్టర్ నుంచి వదిలితే తనంతట తాను దిగిన పుష్పక్ అనే ఇస్రో రెక్కల వాహనానికీ ఈ పద్దుల మాటే వర్తిస్తుంది. కక్ష్య నుంచి వస్తువులను భద్రంగా తిరిగి తేవడం నేర్పే వాహనంగా దానికి విలువ ఉంది. ప్రయోగ ధర తగ్గించే వాహనంగా దానికి ఆ విలువ కట్టలేం.

చౌకకు సంబంధించిన నిర్ణయం వేరేచోట జరిగింది. 2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం తర్వాతి తరం ప్రయోగ వాహనం ఎన్‌జీఎల్‌వీకి 8,240 కోట్లు ఆమోదించింది. 30 టన్నులను దిగువ కక్ష్యకు మోయాలి, మీథేన్-ఆక్సిజన్ ఇంజిన్లు వాడాలి, మొదటి దశ తిరిగి రావాలి. ఎల్‌వీఎం3కి ఒకటిన్నర రెట్ల ఖర్చుతో మూడు రెట్ల బరువు మోయాలన్నది లక్ష్యం. కిలో ధర సగానికి వస్తుందన్నమాట. పదో వంతు అన్న వాగ్దానం ఇందులో లేదు, అందుకే దీన్ని నమ్మవచ్చు. 2025 జనవరిలో శ్రీహరికోటలో దానికోసం మూడో ప్రయోగ వేదికకు సుమారు 3,985 కోట్లు మంజూరయ్యాయి. రెక్కలు లేవు, గాలి పీల్చడం లేదు, సినిమాలో చూపించదగ్గదేమీ లేదు. పన్నెండు వేల కోట్లు దాటిన ఈ మొత్తం చూశాక నిధులు లేవన్న ఫిర్యాదు నిలవదు.

ఇందులో లేనిది లోడు. ఎనిమిదేళ్ల గడువులో మూడు పరీక్షా ప్రయాణాలకు డబ్బు ఉంది, నాలుగోది మొదలు ఏడాదికి ఎన్ని ప్రయాణాలకు ఎవరు చెల్లిస్తారో ఆ ఆమోదంలో లేదు. సరుకు దేశంలో లేక కాదు. 2024 అక్టోబరులో ఆమోదం పొందిన అంతరిక్ష నిఘా పథకంలోనే 52 ఉపగ్రహాలున్నాయి, వాటిలో 31 ప్రైవేటు కంపెనీలు తయారుచేయాల్సినవి. తుపాను హెచ్చరికలకూ, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ మత్స్యకారులకు ఇచ్చే చేపల జాడ సమాచారానికీ కావలసిన సముద్ర పరిశీలన ఉపగ్రహాలను కొన్నేళ్లకోసారి మార్చాల్సిందే. ఇలాంటి అవసరాలను ఒక్కొక్కటిగా, ఆలస్యంగా, వేర్వేరు శాఖల ఫైళ్లలో కొనే బదులు, ఏడాదికి ఇన్ని టన్నులు కక్ష్యకు చేర్చే పనిని పదేళ్లకు ముందే ఒప్పందం రాసి, ఇస్రోతోపాటు హైదరాబాద్ స్కైరూట్, చెన్నై అగ్నికుల్ వంటి కంపెనీలకూ పోటీలో తెరిచి ఉంచవచ్చు. చెల్లింపు కిలో చేరినప్పుడే. ఇంజిన్ గాలి పీలుస్తుందా, కిరోసిన్ తాగుతుందా అన్నది ఆ ఒప్పందంలో రాయనక్కర్లేని విషయం. గాలి పీల్చే ఇంజిన్ నిజంగా చౌకైనదైతే, ఆ పోటీలో అది కూడా తన కిరాయి చెప్పుకోవచ్చు.